రుచికి వయసెలా వస్తుంది?

పోర్టు వైన్ ప్రియులు సీసా చూడగానే అడిగే మొదటి ప్రశ్న: ఏ సంవత్సరపు పంట? గార్లలో తాటిచెట్టు కింద కూర్చున్నవాళ్లు కల్లు లొట్టి చూడగానే అడిగే మొదటి ప్రశ్న: పొద్దటిదా, మాపటిదా? ఇద్దరూ అడుగుతున్నది వయసే. పోర్చుగల్‌లో ఆ వయసును దశాబ్దాల్లో లెక్కిస్తారు. గార్ల ఉన్న మహబూబాబాద్ జిల్లాలో గంటల్లో లెక్కిస్తారు. ఆ ప్రశ్న వెనకున్న శాస్త్రం మాత్రం రెండుచోట్లా ఒకటే. చక్కెర, దాన్ని తినే సూక్ష్మజీవులు, గాలిలోని ఆక్సిజన్, వేడి: ఈ నాలుగూ కాలాన్ని రుచిగా మారుస్తాయి.

డోరో నది లోయలో పండిన ద్రాక్షతో చేసే వింటేజ్ పోర్టు గురించి పుస్తకాలు రాశారు, ఏయే ఏడు ఎలా పండిందో పట్టికలు వేశారు, రుచి చూడటాన్ని ఒక విద్యగా తీర్చిదిద్దారు. డోర్నకల్ నుంచి కొత్తగూడెం వైపు వెళ్లే రైలు దారిలో ఉన్న గార్ల చుట్టూ తాటిచెట్లు, ఈతచెట్ల కింద కూడా అలాంటి విద్యే ఉంది. అది కాగితం మీదికి ఎక్కలేదు, కల్లు గీసే గౌడన్నల నోట, తాగేవాళ్ల నాలుక మీద నిలిచింది. దాన్ని కూడా అంతే శ్రద్ధగా చదవాలి.

చెట్టు పైన

తాటిచెట్లలో ఆడవి వేరు, మగవి వేరు. చెట్టు పన్నెండు, పదిహేనేళ్లు పెరిగి పూతకొచ్చేదాకా ఏది ఏదో తెలియదు. మగచెట్టు పోద్దాడు, కాయ కాసేది పండుతాడు. ఈత సంగతి మరోలా ఉంటుంది. తాడుకు గెలను గీస్తారు, ఈతకు మట్టల కింద మొవ్వు దగ్గర కాండాన్నే చెక్కుతారు. ఒకే వనంలో, ఒకే నేలలో, ఒకే రోజు దింపిన రెండు కల్లుల రుచి తేడాగా ఉండటానికి ఇది మొదటి కారణం.

ఆకుల్లో తయారైన చక్కెర చెట్టంతా ప్రయాణించేది సన్నటి నాళాల గుండా. ఆ నాళాల్లో ఒత్తిడి ఉంటుంది. గౌడన్న మోకు, ముత్తాదు కట్టుకుని చెట్టెక్కి గెల కొసను కత్తితో పలచగా, కాగితమంత మందాన గీస్తాడు. తెగిన నాళాల నుంచి చుక్క చుక్కగా రసం కారుతుంది. చెట్టు ఊరుకోదు, గాయాన్ని మూసుకునే పని వెంటనే మొదలుపెడుతుంది. నాళాల చివర క్యాలోజ్ అనే పదార్థం పేరుకుని దారి మూసేస్తుంది. అందుకే పొద్దున ఒకసారి, మాపున ఒకసారి మళ్లీ గీయాలి. లోతుగా గీస్తే గెల త్వరగా అయిపోతుంది, పైపైన గీస్తే ధార రాదు. ఆ రెంటికీ మధ్య ఉన్న వెంట్రుకవాసి తేడా చేతికి తెలియాలి. అది ఏళ్ల తరబడి చెట్టెక్కితే గానీ పట్టుబడదు.

గెల నుంచి కారే రసం నీళ్లలా తేటగా ఉంటుంది. లీటరుకు సుమారు 100 నుంచి 120 గ్రాముల చక్కెర ఉంటుంది, పులుపు దాదాపు ఉండదు. అదే నీరా. దాన్ని నీరాగానే నిలపాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి, లేదా మంచు చల్లదనంలో ఉంచాలి. సున్నం రసాన్ని క్షారంగా మారుస్తుంది, సూక్ష్మజీవులకు అది గిట్టదు. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో తెరిచిన నీరా కేఫ్ నడిచేది చల్లదనం మీదే. మామూలు లొట్టికి ఈ రెండూ ఉండవు. నిన్నటి కల్లు తడి ఆరని మట్టికుండ అది. దాని గోడల్లో ఈస్ట్, బాక్టీరియా కాపురం ఉంటాయి. అందుకే చుక్క లొట్టిలో పడిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది.

లొట్టిలో

ముందుగా విజృంభించేది లాక్టిక్ బాక్టీరియా. వాటిలో ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడెస్ ముఖ్యమైనది. ఇడ్లీ పిండిని రాత్రికి రాత్రి పొంగించేవాటిలో ఇదీ ఒకటి. ఇది చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. చక్కెరలో కొంత భాగాన్ని డెక్స్‌ట్రాన్ అనే జిగురుగా అల్లుతుంది. కల్లుకు నోట్లో కొద్దిగా చిక్కదనం తెలియడానికి అది ఒక కారణం. ఆమ్లం పెరగడంతో చాలా సూక్ష్మజీవులు వెనక్కి తగ్గుతాయి, ఈస్ట్‌కు చోటు దొరుకుతుంది.

రెండో దశ ఈస్ట్‌ది. శాకరోమైసిస్ సెరివిసియే చక్కెరను ముందు గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొట్టి, ఆ తర్వాత ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. దానికి తోడుగా జైమోమోనాస్ మొబిలిస్ అనే బాక్టీరియా ఉంటుంది. మెక్సికోలో అగేవ్ జాతి మొక్క రసంతో చేసే పుల్కే అనే పానీయంలో దీన్ని గుర్తించి 1920ల్లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ లిండ్నర్ వర్ణించాడు. ఎక్కడి మెక్సికో, ఎక్కడి గార్ల! తీపి రసం కారే మొక్క ఎక్కడుంటే అక్కడికి ఈ జీవి చేరుకుంది. ఈ దశలోనే లొట్టి మూతి మీద నురగ పొర్లుతుంది. తేటగా ఉన్న రసం తెల్లబడేదీ ఇప్పుడే. ఆ తెలుపు, లెక్కకు అందనన్ని సూక్ష్మజీవులు రసంలో తేలుతూ వెలుతురును చెదరగొడితే వచ్చిన తెలుపు.

మూడో దశ ఎసిటిక్ బాక్టీరియాది. అవి ఆక్సిజన్ సాయంతో ఆల్కహాల్‌ను వినెగర్‌గా మారుస్తాయి. ఒక రోజు దాటాక కల్లు ముక్కుకు గుచ్చుకునేది, గొంతులో మండేది వీటి వల్లే.

ఇప్పుడు పొద్దటి కల్లుకు, మాపటి కల్లుకు తేడా ఏమిటో చూద్దాం. తెల్లవారి దింపిన లొట్టి రాత్రి చల్లదనంలో నిండింది. సాయంత్రం దింపిన లొట్టి పగటి ఎండలో నిండింది. వేసవిలో గార్లలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వేడి పెరిగితే సూక్ష్మజీవుల పని వేగం పెరుగుతుంది. అందుకే పొద్దటిది తీపుగా, మాపటిది పుల్లగా, ఘాటుగా ఉంటుంది. దింపిన వేళ చెప్తే చాలు, తాగేవాడికి రుచి సగం తెలిసిపోతుంది.

ఇంకో ముచ్చట. లొట్టిలో ఉన్నదంతా ఒకే వయసు కల్లు కాదు. రాత్రి తొలిజామున పడిన చుక్కకు పన్నెండు గంటల వయసుంటే, గౌడన్న చెయ్యి పెట్టేముందు పడిన చుక్కకు క్షణం వయసు. పాతదాని పులుపు, కొత్తదాని తీపి ఒకే కుండలో కలిసిపోతాయి. పీపాల్లో ముదిరించే టానీ పోర్టును కూడా వేర్వేరు ఏళ్ల వైన్లు కలిపే చేస్తారు. సీసా మీద 20 ఏళ్లు అని ఉంటే, ఆ వయసు పోర్టుకు ఉండాల్సిన గుణం ఆ మిశ్రమానికి వచ్చిందని అర్థం. అక్కడ ఆ కలపడం నిపుణుడి పని, ఇక్కడ చెట్టే ఆ పని చేసిపెడుతుంది.

పోర్టు ఆగే చోటు

మరి కల్లు రెండు రోజులకే వినెగర్ అవుతుంటే పోర్టు అరవై ఏళ్లు ఎలా నిలుస్తుంది? జవాబు చిన్న లెక్కలో ఉంది. ఒక శాతం ఆల్కహాల్ పుట్టాలంటే లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర ఖర్చవ్వాలి. తాటి రసంలో ఉన్న చక్కెరంతా ఆల్కహాల్ అయినా ఆరేడు శాతం దాటదు. కొంత ఆమ్లాలుగా పోతుంది కాబట్టి పులిసిన కల్లులో సాధారణంగా నాలుగు నుంచి ఆరు శాతం ఉంటుంది. ఎసిటిక్ బాక్టీరియాను ఆపడానికి అది చాలదు.

డోరో ద్రాక్షరసంలో చక్కెర తాటి రసంలో ఉన్నదానికి రెట్టింపు ఉంటుంది. దాన్ని తొక్కి పులియబెట్టి, చక్కెర దాదాపు సగం ఖర్చయ్యేదాకా చూస్తారు. ఆ క్షణానికి అందులో ఉన్న ఆల్కహాల్ ఇంచుమించు పులిసిన కల్లులో ఉన్నంతే. సరిగ్గా అక్కడ 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్షసారాను, నాలుగు పాళ్ల రసానికి ఒక పాలు చొప్పున పోస్తారు. మొత్తం 20 శాతం దగ్గరికి చేరుతుంది. ఈస్ట్ చచ్చిపోతుంది, బాక్టీరియా బతకదు, మిగిలిన సగం చక్కెర అలాగే నిలిచిపోతుంది. పోర్టు తియ్యగా ఉండేది అందుకే. కల్లు ఏ దశలో చేజారిపోతుందో, పోర్టును ఆ దశలోనే పట్టి నిలిపేస్తారు.

సూక్ష్మజీవుల ఆట అక్కడితో ముగుస్తుంది, రసాయన చర్యల ఆట మొదలవుతుంది. అది చాలా నెమ్మది. వింటేజ్ పోర్టు ఒకే ఏటి పంట. పంట అద్భుతంగా ఉంటేనే వింటేజ్ అని ప్రకటిస్తారు, పదేళ్లకు ఏ మూడుసార్లో. నియంత్రణ సంస్థ రుచి చూసి ఒప్పుకోవాలి. రెండు, మూడేళ్ల లోపు సీసాలో నింపి బిరడా వేస్తారు. సీసాలో ఆక్సిజన్ అతి స్వల్పం. ద్రాక్ష తొక్కల నుంచి వచ్చిన ఊదా రంగు పదార్థాలు, వగరునిచ్చే టానిన్లు ఏళ్ల తరబడి ఒకదానికొకటి అతుక్కుని పెద్దవై, బరువెక్కి అడుక్కి దిగిపోతాయి. నల్లటి ఊదారంగు ఇటుక రంగుకు తిరుగుతుంది, నాలుకను పట్టేసే వగరు మెత్తబడుతుంది. పాత సీసాను తాగేముందు ఒకరోజు నిలబెట్టి, మడ్డిని అడుక్కి దిగనిచ్చి, పైతేటను మెల్లగా వేరే పాత్రలోకి వంచేది ఇందుకే.

పోర్టులో మెంతులు

పీపాల్లో ముదిరే టానీ పోర్టు దారి వేరు. చెక్క సందుల్లోంచి గాలి కొద్దికొద్దిగా లోపలికి చేరుతుంది, కొంత వైన్ ఆవిరైపోతుంది. అలా ఏళ్లు గడిచేకొద్దీ సోటోలోన్ అనే పదార్థం పెరుగుతుంది. పోర్టు ఎంత పాతదో పసిగట్టడానికి ముక్కుకు ఇది ముఖ్యమైన ఆనవాలని పోర్చుగీసు పరిశోధకులు తేల్చారు.

ఈ సోటోలోన్ వాసన తెలుగువాళ్లకు కొత్తది కాదు. మెంతుల వాసనకు మూలం అదే. మెంతులు దండిగా తిన్న మర్నాడు చెమటలో వచ్చే వాసనా అదే. పాత పోర్టును వర్ణించేటప్పుడు ఐరోపావాళ్లు వాల్‌నట్ అంటారు, కాలిన చక్కెర అంటారు, కూర మసాలా అంటారు. పోపులో మెంతులు వేగిన ఇంట్లో పెరిగిన ముక్కుకు అంతకంటే దగ్గరి పేరు తెలుసు. రుచి చూడటం అంటే జ్ఞాపకంలో ఉన్న వాసనతో ఎదుట ఉన్నదాన్ని పోల్చడమే కాబట్టి, ఏ ఊరి ముక్కుకు ఆ ఊరి నిఘంటువు ఉంటుంది.

కల్లు వాసనకూ ఇలాంటి మూలాలే ఉన్నాయి. పశ్చిమాఫ్రికాలో నూనెతాటి నుంచి తీసే కల్లును 2007లో వెలువడిన ఒక అధ్యయనం విశ్లేషించింది. అందులో అరటిపండు వాసననిచ్చే ఐసోఅమైల్ ఎసిటేట్, వెన్న వాసననిచ్చే ఎసిటోయిన్ ఉన్నాయి. బాస్మతి బియ్యానికి సువాసననిచ్చే పదార్థమూ ఉంది. దాని పేరు 2-ఎసిటైల్-1-పైరోలిన్. మన తాటికల్లు చెట్టు వేరు, లెక్కలు వేరుగా ఉండొచ్చు. కానీ లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టినప్పుడు మగ్గిన పండు, వెన్న, అన్నం కలిసినట్టు తోచడానికి రసాయన కారణం ఉందని మాత్రం ఆ అధ్యయనం చెప్తోంది.

నోట్లో ఏం జరుగుతుంది

తాటాకును మడిచి చేసిన రేకలో కల్లు పోసినప్పుడు ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూడండి. ధార పడగానే నురగ లేస్తుంది. నురగ బుడగలు చిన్నవిగా, ఆగకుండా పైకొస్తుంటే ఈస్ట్ ఇంకా పనిలో ఉందని లెక్క. బుడగలు అణిగిపోతే చక్కెర అయిపోవచ్చింది. నురగ ఊది పక్కకు నెట్టి మొదటి గుక్క తీసుకుంటే, ముందు చురుక్కుమంటుంది. కార్బన్ డయాక్సైడ్ చురుకు అది. నాలుక మీద పులుపును పసిగట్టే కణాలే ఈ వాయువునూ పసిగడతాయని 2009లో ఎలుకల మీద చేసిన పరిశోధన చూపింది. ఆ వెంటనే తీపి, దాని వెనక పులుపు. మింగాక గొంతు వెనక నుంచి ఆవిరి ముక్కులోకి ఎక్కుతుంది. పండు వాసనలన్నీ తెలిసేది అప్పుడే. జలుబు చేస్తే కల్లు కల్లులా ఉండదని తాగేవాళ్లు అనడం అందుకే. మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద వాటా ముక్కుదే.

నాలుక కొసన తీపి, పక్కన పులుపు, వెనక చేదు అని బడి పుస్తకాల్లో వేసిన పటం తప్పు. అన్ని రుచులనూ నాలుక అన్నిచోట్లా పట్టగలదు. కాబట్టి కల్లయినా పోర్టయినా గుక్కను నోరంతా తిప్పితేనే పూర్తిగా తెలుస్తుంది.

నలుగురు ఎందుకు కావాలి

పాత పోర్టు నలభై ఏళ్లు ఓపిగ్గా కూర్చుంటుంది గానీ, బిరడా తీశాక ఆగదు. గాలి తగిలిన పాత వింటేజ్ ఒకటి, రెండు రోజుల్లో చప్పబడుతుంది. అంతకాలం దాచిన సీసాను ఒక్కడే కూర్చుని తాగలేడు, దాచుకోలేడు. అందుకే నలుగురిని పిలుస్తాడు. లొట్టి సంగతీ అంతే, దానికి గడువు ఇంకా తక్కువ. దింపిన కల్లును మాపటికి దాస్తే అది వేరే కల్లు అవుతుంది. ఈ రెండు పానీయాల చుట్టూ జనం చేరడానికి ఆక్సిజన్ ఒక కారణం.

జనం చేరితే శాస్త్రానికీ లాభమే. పోర్టు ప్రియులు రెండు రకాలుగా రుచి చూస్తారు. ఒకే తయారీదారు వేర్వేరు ఏళ్ల పోర్టులను వరుసగా తాగి కాలం చేసిన మార్పు చూస్తారు. లేదా ఒకే ఏడాది వేర్వేరు తయారీదారుల పోర్టులను పక్కపక్కన పెట్టి చేతి తేడా చూస్తారు. తాటివనంలోనూ ఇవే రెండు పద్ధతులు నడుస్తాయి. ఒకే చెట్టు కల్లును పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తాగినవాడికి కాలం సంగతి తెలుస్తుంది. ఒకే పొద్దున నాలుగు చెట్ల కల్లు తాగినవాడికి చెట్టు సంగతి తెలుస్తుంది. “అన్నా, ఇది నిన్నటి చెట్టుది కాదు” అని ఒకరు అంటే, “గెల మారింది, నిన్న కొత్తది గీసిన” అని గౌడన్న జవాబిస్తాడు. పక్కనున్నవాడు ఇంకో గుక్క తీసుకుని అవునో కాదో తేలుస్తాడు. ఒకరి నాలుక చెప్పినదాన్ని ఇంకొకరి నాలుక సరిచూడటమే ప్రయోగశాలల్లో రుచి నిపుణుల బృందాలు చేసే పని.

నాలుక పట్టలేనివి

నాలుకకూ హద్దుంది. తెలంగాణలో చెట్టు కల్లు పేరు మీద క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలామ్ వంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు అమ్ముడవుతూ వచ్చింది. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో అలాంటి కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఇలా కలిపే మందులను రుచితో కనిపెట్టొచ్చని అనుకోవడం ప్రమాదం. చెట్టు ఏదో, దింపిన మనిషి ఎవరో కళ్లతో చూసి తాగడమే రక్షణ. తెలిసిన గౌడన్న దగ్గరే తాగే వాడుకకు మూలం నమ్మకం, ఆ నమ్మకానికి ఇంత బరువుంది.

మరో మాట కూడా సూటిగా చెప్పాలి. కల్లులో ఈస్ట్ నుంచి వచ్చే బి విటమిన్లు ఉన్న మాట నిజమే. అది మందు అని మాత్రం చెప్పకూడదు. మద్యపానీయాలు క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. దానికి పోర్టూ కల్లూ రెండూ లోబడినవే. రుచి మీద ప్రేమ ఉన్నవాడికి గుక్కెడు చాలు. రుచి తెలిసేది మత్తు ఎక్కకముందే.

రాసిపెట్టుకుందాం

డోరో లోయలో 1756లోనే పోర్చుగల్ మంత్రి పొంబాల్ పోర్టు పండే నేలకు హద్దులు గీయించి, ఆ తర్వాత రాతిస్తంభాలు పాతించాడు. ఏ నేల ద్రాక్ష ఎలా ఉంటుందో, ఏ ఏటి ఎండ ఏం చేసిందో అప్పట్నుంచి రాస్తూ వచ్చారు. 1963, 1994, 2011 పంటల గురించి ఈ రోజు ఎవరైనా మాట్లాడగలుగుతున్నారంటే ఆ రాతల పుణ్యమే.

తాటికల్లు మీద అలాంటి రాత లేదు. ఏ చెట్టు ఏ నెలలో తీపి ఎక్కువిస్తుందో, ఈతకు తాడుకు పులిసే వేగంలో తేడా ఎంతో, వాన పడిన మర్నాడు రుచి ఎందుకు పలచబడుతుందో గౌడన్నలకు తెలుసు. వాళ్ల పిల్లలు చాలామంది చెట్టెక్కడం లేదు. జారిపడి చనిపోయినవాళ్లు, నడుం విరిగి మంచాన పడినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్న వృత్తి అది. 2024 జులైలో ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరిట భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ప్రాణానికి భరోసా ఉంటేనే చెట్టెక్కే చెయ్యి ఉంటుంది, ఆ చెయ్యి ఉంటేనే ఈ తెలివి ఉంటుంది.

చేయాల్సిన పనికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. చక్కెర శాతం చూపే చేతి పరికరం, పులుపు కొలిచే పీహెచ్ కాగితం, థర్మామీటర్, ఒక నోటుపుస్తకం చాలు. గార్లలోనో పక్కనున్న బయ్యారం, డోర్నకల్‌లోనో సైన్సు చదువుతున్న పిల్లలు నాలుగు చెట్లను ఎంచుకుని, దింపిన గంట నుంచి ప్రతి గంటకు అంకెలు రాయొచ్చు. ఆ అంకెల పక్కనే గౌడన్న ఆ కల్లు గురించి ఏమన్నాడో కూడా రాయాలి. అంకె కల్లు ఏ దశలో ఉందో చెప్తుంది, మాట ఆ దశ నాలుకకు ఎలా తెలుస్తుందో చెప్తుంది. రెండూ ఒకే పుటలో ఉంటే అది తాటికల్లు మీద మొదటి రుచి పుస్తకానికి ముడిసరుకు అవుతుంది. చెట్టెక్కే తరం ఇంకా మన మధ్యే ఉంది కాబట్టి, ఆ పని వచ్చే వేసవిలోనే మొదలుపెట్టాలి.